కాఫీ డబ్బాలోని తుపాకి ముక్కలు

మా పక్కింటి పెద్దాయన వాళ్ళ నాన్నగారి తుపాకిని తీసుకుని ఒక శనివారం పొద్దున్నే ఆయుధాల సంతకు బయలుదేరుతూ, తోడు రమ్మని నన్ను అడిగాడు. పెన్సిల్వేనియాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఆ సంతల్లో నేనెన్నడూ అడుగు పెట్టలేదు. తుపాకులతో నాకున్న పరిచయమల్లా కాలేజీలో ఎన్.సి.సి. కవాతులో భుజానికెత్తుకున్న 303 రైఫిలూ, పేల్చనిచ్చిన .22 డీలక్స్ రైఫిలూ. ఆ 303 బరువుకు భుజం కమిలిపోయేది. అంతకు మించి దాని మీద నాకు ఏ మమకారమూ లేదు. అయినా పెద్దాయన భార్య పోయిన ఏడాది అది. ఒంటరిగా పంపడం ఇష్టం లేక వెంట వెళ్ళాను.

సంతలో ఒక పాత రైఫిళ్ళ వర్తకుడు ఆ తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొట్టం మీది ఆయుధాగారపు ముద్ర చదివాడు. పైభాగాన దుర్భిణి బిగించడానికి తొలిచిన రంధ్రాలను వేలితో తడిమాడు. తరువాత చాలా మర్యాదగా ఒక మాట అన్నాడు: "ఉన్నదున్నట్టు ఉంచివుంటే మంచి ధర పలికేది. ఎవరో పాడు చేశారు."

ఆ 'ఎవరో' తన తండ్రేనని పెద్దాయన చెప్పలేదు. తుపాకిని గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చేశాడు. తిరుగు ప్రయాణంలో నలభై మైళ్ళూ ఆయన మాట్లాడలేదు. ఆ మౌనమే నా చేత ఈ టపా రాయిస్తున్నది. ఒక తరం వాళ్ళు చలికాలపు రాత్రులు ధారపోసి చేసిన పనిని తరువాతి తరం పాడు చేయడం అని ఎందుకంటున్నది? ఆ ప్రశ్న వెంట పడి చదువుతూ పోతే, ఒక చిన్న మాట పుట్టుక దగ్గరికి చేరాను. 'స్పోర్టర్' అన్నది ఆ మాట. సైనిక రైఫిలును వేట తుపాకిగా మార్చితే దాన్ని స్పోర్టర్ అంటారు. నూటపాతికేళ్ళలో ఆ మాట అర్థం తలకిందులైంది. ఆ కథ ఇది.

పెద్దాయన తండ్రి తుపాకి పేరు 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధాగారంలో రూపుదిద్దుకున్నది. రూపుదిద్దుకున్నది అనడం కంటే జర్మన్ మౌజర్‌కు తమ్ముడిగా పుట్టింది అనడం సబబు. పోలికలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, అమెరికా ప్రభుత్వం మౌజర్ సంస్థకు పేటెంటు హక్కుల కింద రెండు లక్షల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరాల్లో దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్. సైనిక రైఫిలుకు మొదట అమర్చిన సన్నని కడ్డీ లాంటి బాయొనెట్ ఆయనకు నచ్చలేదు. 1905లో యుద్ధశాఖకు ఉత్తరం రాసి మరీ దాన్ని మార్పించాడు. ఇదంతా సైన్యం కోసం. తన సొంతానికి మాత్రం అదే ఆయుధాగారం చేత అదే రైఫిలును వేరుగా చేయించుకున్నాడు. బాయొనెట్ తగిలించే కొక్కెం లేదు, గొట్టం కొస దాకా కప్పి ఉండే కొయ్య లేదు. వేటగాడి భుజానికీ చెంపకూ సరిపోయేట్టు చెక్కిన పొట్టి కొయ్య ఉన్నది. 1909లో అధ్యక్ష పదవి దిగిపోగానే స్మిత్సోనియన్ సంస్థ తరఫున ఆఫ్రికా వెళ్ళినప్పుడు ఆ తుపాకే ఆయన వెంట ఉన్నది.

అమెరికాలో స్పోర్టర్ వంశవృక్షానికి మూలపురుషుడు ఈ తుపాకే అని చెప్పేవారున్నారు. అలా ఒక్కదాన్నే వేలెత్తి చూపడం నాకు పెద్దగా నమ్మకం లేని పని గానీ, ఫ్యాషన్ మొదలైన దిక్కు మాత్రం అదే. 1910 ప్రాంతంలో రచయిత స్టూవర్ట్ ఎడ్వర్డ్ వైట్ లాస్ ఏంజిలిస్‌లో వుండ్‌హామర్ అనే తుపాకి పనివాడి చేత స్ప్రింగ్‌ఫీల్డుకు కొత్త కొయ్య చేయించుకున్నాడు. న్యూయార్కులో సేమూర్ గ్రిఫిన్ అనే వడ్రంగి రూజ్వెల్ట్ ఆఫ్రికా యాత్రా గ్రంథం చదివి, ఆ ఊపులో ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ కొని, దానికి మేలురకం అక్రోటు కొయ్యతో పిడి చెక్కాడట. 1923లో ఆయనా, ప్రభుత్వ ఆయుధశాలలో పనిచేసిన జేమ్స్ హోవ్ అనే లోహపు పనివాడూ కలిసి పెట్టిన దుకాణం గ్రిఫిన్ అండ్ హోవ్. ఒకరిది కొయ్య పని, ఒకరిది ఇనుము పని. హెమింగ్వే 1930లో వాళ్ళ స్ప్రింగ్‌ఫీల్డే కొన్నాడు. తన మొదటి ఆఫ్రికా వేటకు దాన్నే పట్టుకుపోయాడు.

ఇక్కడ కాస్త ఆగి పూత సంగతి చెప్పాలి. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది అదే.

ఇనుముకు శత్రువు తుప్పు. దాన్ని జయించడానికి పాతకాలపు పనివాళ్ళు తుప్పునే వాడుకున్నారు. లోహాన్ని అద్దంలా మెరుగుపెట్టి, మందు రాసి, తేమగాలిలో వదిలేస్తే ఎర్రటి సన్నపొడి తుప్పు పడుతుంది. దాన్ని మరిగే నీళ్ళలో ముంచితే ఎరుపు నల్లబడుతుంది. సన్నని ఉక్కుతీగల కుచ్చుతో రుద్ది, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ మరిగించి, ఇలా ఎన్నోసార్లు చేస్తే నల్లకలువ రేకు లాంటి నిగనిగలాడే నీలిపూత వస్తుంది. దీనికి రోజులు పడుతుంది. వేట తుపాకికి అది అందం. యుద్ధంలో మాత్రం ఆ మెరుపు ప్రాణాంతకం. ఎండలో తళుక్కుమంటే శత్రువుకు మన చోటు మనమే చెప్పినట్టు. అందుకని మొదటి ప్రపంచయుద్ధం చివరికాలానికి స్ప్రింగ్‌ఫీల్డులో రైఫిళ్ళకు పార్కరైజింగ్ మొదలుపెట్టారు. వేడి ఫాస్ఫేటు ద్రావణంలో ముంచి తీసే పూత అది. బూడిదరంగులో, గరుకుగా, ఏ మెరుపూ లేకుండా ఉంటుంది. నూనెను చక్కగా పట్టి ఉంచుతుంది. ఎంతో పనికొచ్చేదే గానీ, అందమని ఎవరూ అనరు.

కాబట్టి స్పోర్టర్ చేసేవాడు మొదట చేసే పనుల్లో ఒకటి ఆ బూడిదరంగు పూతను గీకిపారేసి, లోహానికి మెరుగుపెట్టి, నీలిపూత పూయడం. సైనికుడి చొక్కా విప్పించి పెళ్ళిచొక్కా తొడిగినట్టు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

గ్రిఫిన్ అండ్ హోవ్ తుపాకులు సంపన్నుల సొమ్ము. సామాన్యులకు ఈ విద్య చేరింది రెండవ ప్రపంచయుద్ధం తరువాత. రైఫిల్ క్లబ్బుల సభ్యులకు ప్రభుత్వం మిగులు సైనిక రైఫిళ్ళను చవకగా అమ్మే ఏర్పాటు ముందునుంచే ఉన్నది. పౌరులకు గురి నేర్పే ప్రభుత్వ కార్యాలయం ఒకటి 1916లోనే ఏర్పడింది. యుద్ధం ముగిశాక సిపాయిలు జర్మన్ మౌజర్లనూ జపాను అరిసాకలనూ జ్ఞాపికలుగా మోసుకొచ్చారు. గుడ్డసంచిలో పట్టడం కోసం కొయ్యను మధ్యకు కోసి తెచ్చినవాళ్ళున్నారు. అలాంటి తుపాకులకు సేకరణకర్తల భాషలో ఒక పేరే ఉన్నది, 'డఫెల్ కట్' అని. ఇక 1953లో వర్జీనియాలో శామ్యూల్ కమింగ్స్ పెట్టిన ఇంటరార్మ్స్ వంటి సంస్థలు ప్రపంచంలో ఏ సైన్యం పాత రైఫిళ్ళు వదిలించుకుంటున్నా ఓడలకెత్తి అమెరికాకు తెచ్చాయి. వేట తుపాకి కొత్తది కొనలేని కూలివాడు సైతం ఒక మౌజర్ కొనుక్కోగలిగాడు.

కొన్న తుపాకిని మార్చుకోవడానికి ఒక పరిశ్రమే లేచింది. మిస్సోరీ రాష్ట్రంలో వార్సా అనే చిన్న ఊరు ఉన్నది. బిషప్, ఫాయెన్ అనే రెండు సంస్థలు అక్కడినుంచే సగం చెక్కిన అక్రోటు కొయ్యలను దేశమంతటికీ తపాలాలో పంపేవి. మిగతా సగం చెక్కుకోవడం కొన్నవాడి పని. అయోవాలోని మాంటెజూమాలో 1939లో మొదలైన బ్రౌనెల్స్ వాళ్ళ జాబితాలో తుపాకి పనివాడికి కావలసిన ప్రతి ఆకురాయీ, ప్రతి మరమేకూ దొరికేది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయిల చదువులకు ప్రభుత్వం డబ్బిచ్చే చట్టం 1944లో వచ్చింది. ఆ డబ్బుతో కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాలలో తుపాకి పని నేర్చుకున్నవాళ్ళు ఎందరో. అక్కడ పి. ఓ. ఆక్లే వంటి ఉద్దండుడు పాఠం చెప్పేవాడు.

మా పెద్దాయన తండ్రి ఏ కళాశాలకూ వెళ్ళలేదు. ఉక్కు కార్ఖానాలో పని. 1950ల చివర క్లబ్బు ద్వారా స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చింది. ఇంటి నేలమాళిగలో, కొలిమి పక్కన, ఒక చలికాలమంతా దాని మీద కూర్చున్నాడు. గొట్టం కొసదాకా ఉన్న కొయ్యను రంపంతో కోసి గుండ్రంగా చెక్కాడు. పైకొయ్యను తీసేశాడు. బాయొనెట్ కొక్కేన్ని ఊడదీశాడు. కార్ఖానాలో ఒక స్నేహితుడి చేత దుర్భిణి కోసం రంధ్రాలు వేయించాడు. అవిసెనూనెను అరచేత్తో కొయ్యకు పట్టించి ఆరబెట్టి, మళ్ళీ పట్టించేవాడట. "మా ఇంట్లో ఆ ఏడాది క్రిస్మస్ వాసన పైన్ చెట్టుది కాదు, అవిసెనూనెది" అని పెద్దాయన ఒకసారి నవ్వాడు. థాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం ఇక్కడ జింకల వేట మొదలయ్యే రోజు. 2019లో శనివారానికి మార్చేదాకా అనేక తరాలు ఆ సోమవారాన్ని పండగలా చేసుకున్నాయి, బడులకు సెలవిచ్చేవారు. ఆ సోమవారాల్లో ఆ తుపాకి తెచ్చిన మాంసం ఆ ఇంటికి చలికాలమంతా వచ్చేది.

ఒక పిట్టకథ. స్ప్రింగ్‌ఫీల్డ్ కొన్నవాడు మొదట చూడవలసినది దాని క్రమసంఖ్య. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారైనవాటిలో ఎనిమిది లక్షలకు లోపు సంఖ్య ఉన్నవాటిని పేల్చవద్దని పెద్దలు చెబుతారు. ఆ రోజుల్లో ఉక్కును కాల్చే వేడిని పనివాళ్ళు కంటితో, కాగిన లోహపు రంగును బట్టి అంచనా కట్టేవారు. ఎండరోజున కంటికి ఎర్రదనం తక్కువగా కనిపించేది. ఇంకా కాలలేదనుకుని ఎక్కువ కాల్చేవారు. అలా కాలిన ఉక్కు గాజులా పెళుసు. కొన్ని తుపాకులు పేల్చినవాడి ముఖం ముందే పగిలాయి. వేడిని కొలిచే పరికరాలు వచ్చాక గానీ ఆ దోషం పోలేదు. మబ్బు పట్టిన రోజున పనిచేసినవాడి తుపాకి మంచిది, ఎండ కాసిన రోజుది చెడ్డది! పెద్దాయన తుపాకి సంఖ్య పదిలక్షలు దాటింది. చూసుకుని నిశ్చింత పడ్డాము.

సైనిక తుపాకిని మార్చడం అంటే అందరికీ ఒకే అర్థం కాదు. మన దేశంలో అదే పని ప్రభుత్వమే చేసింది, పూర్తిగా వేరే ఉద్దేశంతో. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో 303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను తీసుకుని, గొట్టం లోపలి మరగాడులను తొలగించి నున్నగా చేసి, .410 అనే వేరే తూటాకు మార్చారు. తూటాల అరలో దిమ్మ బిగించి, ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చేట్టు చేశారు. పోలీసులకూ కాపలావాళ్ళకూ ఇచ్చిన మస్కెట్లు అవి. 1857 తరువాత తెల్లదొరలకు పట్టుకున్న భయం ఏడెనిమిది దశాబ్దాలైనా వదలలేదు. నల్లవాడి చేతిలో ఉండే తుపాకి తెల్లవాడి తుపాకి కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలి. ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యపు తూటా అందులో పట్టకూడదు. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి అల్లూరి సీతారామరాజు పట్టుకుపోయిన తుపాకులు ఇరవై ఆరు. అవతల అమెరికాలో ఉక్కు కార్ఖానా కూలివాడు సైన్యపు తుపాకిని తన ఇష్టం వచ్చినట్టు చెక్కుకుంటున్నాడు. ఇవతల ప్రభుత్వం తన పోలీసువాడి తుపాకినే కుంటిది చేసి ఇస్తున్నది. స్వాతంత్ర్యం తరువాత కూడా సామాన్యుడికి 303 ఇక్కడ నిషిద్ధమే. ఆ నిషేధం వల్ల మనం నష్టపోయామని నేననను. నా మనసు ఎటు మొగ్గుతుందో ముందే చెప్పేస్తున్నాను, చదువరులు క్షమింతురు గాక.

తిరిగి అమెరికాకు వద్దాం. 1963 నవంబరు 22న డల్లాస్‌లో కెనడీని చంపిన తుపాకి కూడా ఆ మిగులు వ్యాపారపు సరుకే. ఇటలీ సైన్యపు కార్కానో రైఫిల్. షికాగోలోని క్లైన్స్ అనే క్రీడావస్తువుల దుకాణం నుంచి దొంగపేరుతో తపాలాలో తెప్పించాడు ఆస్వాల్డ్. ఒక్క తుపాకి అయితే 12 డాలర్ల 78 సెంట్లు; జపాను దుర్భిణి బిగించి ఇస్తే 19 డాలర్ల 95 సెంట్లు. ఆ దుర్భిణి తుపాకితో పుట్టినది కాదు, దుకాణం తగిలించినది. సైన్యపు తుపాకిని వేట తుపాకిగా అమ్మడానికి తగిలించిన అలంకారం అది.

అయిదేళ్ళు నలిగి 1968 అక్టోబరులో చట్టం వచ్చింది. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పౌరుడికి తపాలాలో తుపాకి పంపడం ఆగిపోయింది. విదేశీ మిగులు సైనిక తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది (1984లో పురావస్తువుల పేరిట కొంత సడలించారు). దిగుమతి చేసుకునే తుపాకి 'క్రీడా ప్రయోజనానికి' తగినదై ఉండాలని ఆ చట్టం షరతు పెట్టింది. పనివాళ్ళ నోటి మాట శాసనంలోకి ఎక్కింది. అప్పటినుంచి ఆ మాట వడ్రంగుల చేతిలోంచి వకీళ్ళ చేతిలోకి పోయిందని నా అభిప్రాయం.

ఈలోగా మరొక తుపాకి పుట్టింది. కాలిఫోర్నియాలోని ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ విమానాలకు వాడే అల్యూమినియంతోనూ, కొయ్యకు బదులు ప్లాస్టిక్కుతోనూ తేలికైన రైఫిళ్ళు రూపొందించాడు. వాటిలో ఏఆర్-15 హక్కులను 1959లో కోల్ట్ సంస్థ కొన్నది. సైన్యానికి చేరినది ఎం-16 అయ్యింది. పౌరుల కోసం, మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేలేట్టు మార్చిన దాన్ని కోల్ట్ 1964లో మార్కెట్టులోకి తెచ్చింది. దానికి పెట్టిన పేరు 'ఏఆర్-15 స్పోర్టర్'.

ఇక్కడ నేను చదువుతున్న పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అంతవరకు స్పోర్టర్ అంటే ఒక పని: రంపం, ఆకురాయి, అవిసెనూనె, ఒక చలికాలం. ఇప్పుడది పెట్టె మీద ముద్రించిన పేరు. రూపం సైనికుడిది, పేరు వేటగాడిది.

తరువాతి మూడు దశాబ్దాల చట్టాల కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఎలుకా పిల్లీ ఆట. 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదుగురు పిల్లలు హతులయ్యారు. ఆ ఏడాదే ఏకే తరహా విదేశీ రైఫిళ్ళ దిగుమతిని ఆపారు. వెంటనే దిగుమతిదారులు పిస్టలు పిడిని తీసేసి, బొటనవేలు దూర్చే రంధ్రమున్న వికారపు కొయ్యలు తగిలించి, ఇవి క్రీడా తుపాకులేనన్నారు. 1998లో వాటినీ ఆపారు. 1990లో మరొక నిబంధన: దిగుమతికి తగదన్న తరహా తుపాకిని ఇక్కడ కూర్చుకుంటే, అందులో జాబితాకెక్కిన విదేశీ భాగాలు పదికి మించరాదు. దానితో అమెరికాలో తయారయ్యే విడిభాగాలకు చట్టమే గిరాకీ తెచ్చిపెట్టింది. 1994 నాటి చట్టం తూటాల అర ఊడివచ్చే రైఫిలుకు రెండు లక్షణాలు లెక్కపెట్టింది: మడిచే పిడి, పిస్టలు పిడి, బాయొనెట్ కొక్కెం, మంటను దాచే గొట్టపు తొడుగు వంటివాటిలో ఏ రెండున్నా నిషిద్ధం. కోల్టు వంటి తయారీదారులు కొక్కేన్నీ తొడుగునూ తీసేసి అమ్మారు. అంటే, పెద్దాయన తండ్రి నేలమాళిగలో ఇష్టంతో చేసిన పనినే ఇప్పుడు కర్మాగారం చట్టానికి వెరచి చేసింది. 2004 సెప్టెంబరు 13న ఆ చట్టం గడువు తీరింది. తీసేసినవన్నీ తిరిగి వచ్చాయి, బంధుమిత్రులతో సహా.

ఆ బంధుమిత్రులు రావడానికి దారి వేసినది ఒక పట్టా. తుపాకి పైన దుర్భిణి బిగించడానికి ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క కొలత వాడే రోజుల్లో, సైన్యం 1995 ఫిబ్రవరిలో ఒక ప్రమాణం ప్రకటించింది. న్యూజెర్సీలోని ఆయుధశాల పేరు మీద దాన్ని పికటిన్నీ పట్టా అంటారు. ఒక గాడి మధ్య నుంచి మరొక గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు, గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. అంతే. మన కంప్యూటర్లకు యు.ఎస్.బి. ఎలాగో తుపాకికి అది అలాగ. ఎవరి దీపమైనా, ఎవరి దుర్భిణి అయినా, ఎవరి పిడి అయినా దానికి పడుతుంది. సాఫ్ట్‌వేరు వాడిని కనుక ఒప్పుకోక తప్పదు: ఏ ప్రభుత్వ నిబంధనకన్నా ఈ కొలతే ఎక్కువ ప్రభావం చూపింది. 1999లో రిచర్డ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే మాజీ మెరీన్ సైనికుడు తూటాల అరను సులువుగా లాగడానికి ఒక రబ్బరు ఉచ్చు తయారుచేసి మాగ్‌పుల్ సంస్థ స్థాపించాడు. ఆ రబ్బరు ఉచ్చుతో మొదలై పిడులూ అరలూ అన్నీ చేసే పెద్ద పరిశ్రమ అయ్యింది. ఇంకొక చట్టసూక్ష్మం ఉన్నది. ఏఆర్-15లో క్రమసంఖ్య ఉండే కింది చట్రం ఒక్కటే చట్టం దృష్టిలో 'తుపాకి'. అది కొనాలంటే లైసెన్సున్న దుకాణానికి వెళ్ళాలి. మిగిలినదంతా ఉత్త ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్కు. మామూలు పార్సిలులో ఇంటికి వస్తుంది. సంఖ్య లేని అసంపూర్ణ చట్రాల మీద 2022లో తెచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చిలో సమర్థించేదాకా ఆ సందులోనూ చాలా సరుకు నడిచింది.

ఆ పార్సిళ్ళను నేను పెద్దాయన ఇంట్లోనే చూశాను. ఆయన మనవడు, ఇరవై రెండేళ్ళవాడు, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, తన ఏఆర్-15కు కొత్త పిడి అమరుస్తున్నాడు. మంచి పిల్లవాడు. నన్ను "సర్" అని తప్ప పిలవడు. ఏ భాగం ఎక్కడిదో, ఎందుకు మార్చాడో శ్రద్ధగా వివరించాడు. పూత మాత్రం బయట వేయించుకొచ్చాడు. సెరాకోట్ అని, పింగాణీ కలిసిన పలుచని పూత. చల్లి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఒరెగాన్‌లో తయారవుతుంది. కావలసిన రంగులన్నీ ఉన్నాయి. ఊదా, గులాబి, ఆకాశనీలం. వాడు ఎంచుకున్నది ఎడారి మట్టిరంగు.

ముత్తాత సైన్యపు గరుకు పూతను గీకి నీలిమెరుపు తెచ్చాడు. మునిమనవడు నిగారింపు లేని సైన్యపు మట్టిరంగును డబ్బిచ్చి వేయించుకున్నాడు. పెన్సిల్వేనియాలో ఎడారి లేదు. ఇంకా చిత్రం, ఆ తుపాకితో ఇక్కడ జింకను వేటాడడం కుదరదు. తనంతట తాను తూటా మార్చుకునే రైఫిళ్ళను ఈ రాష్ట్రంలో 2017లో చిన్న జంతువుల వేటకు అనుమతించారు గానీ జింకలకు అనుమతించలేదు. అయినా తుపాకుల పరిశ్రమ సంఘం 2009 నుంచి ఈ తరహా తుపాకులకు ప్రచారం చేస్తున్న పేరు 'ఆధునిక స్పోర్టింగ్ రైఫిల్'!

ఎందుకిలా దిశ మారిందని పెద్దాయనను అడిగాను. ఆయన చెప్పిన మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు. "మా నాన్న యుద్ధం చూశాడు. ఇంట్లో దాన్ని గుర్తుచేసే వస్తువు ఏదీ ఉండనిచ్చేవాడు కాదు. వీడు చూడలేదు" అన్నాడు. అన్నిటికీ ఇదే కారణమని నేననను. వ్యాపారం ఉన్నది, ఇరాక్ యుద్ధాన్ని గంటగంటకూ చూపిన టీవీలున్నాయి, వీడియో గేములున్నాయి, ఏది నిషేధిస్తారో దాని మీదే మోజు పెంచుకునే మనిషి స్వభావం ఉన్నది. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

నేను మనవడి ముందు చెప్పలేక మింగేసిన మాట ఒకటున్నది. 2017 అక్టోబరు 1న లాస్ వేగస్‌లో పాటకచేరీ వింటున్న జనం మీద ఒకడు హోటలు కిటికీలోంచి వెయ్యికి పైగా తూటాలు కురిపించాడు. అరవై మంది పోయారు. వాడి తుపాకులు ఇలాంటివే. వాటికి వాడు తగిలించిన బంప్ స్టాక్ అనే పిడి కూడా బయట దొరికే విడిభాగమే. ఆ పిడిని 2018 డిసెంబరులో ప్రభుత్వం నిషేధించింది, 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి ఆ నిషేధాన్ని కొట్టేసింది. తీర్పులో మీట లోపలి భాగాల బొమ్మలు కూడా వేశారు. అంతటి సూక్ష్మ చర్చ. ఆ తీర్పు చదివిన వారంలోనే మా అమ్మాయి తన చిన్నప్పటి బడి సంచి సర్దుతూ, తరగతి గదిలో దీపాలార్పి మూలన నక్కి కూర్చునే కసరత్తు ఎలా ఉండేదో మామూలుగా, నవ్వుతూ చెప్పింది. ఆ కసరత్తులో తన పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లు చెబుతుంటే, అందులో పెద్దాయన మనవడి పేరు కూడా ఉన్నది. ఒకే తరగతి, ఒకే మూల. వాడు ఎదిగి తుపాకి కూర్చుకుంటున్నాడు. మా అమ్మాయి ఇప్పటికీ సినిమాహాల్లో తలుపుకు దగ్గరగా కూర్చుంటుంది. ఆ మూలలో కూర్చున్నందుకే వాడికి తుపాకి కావాలనిపించిందేమో! అడగలేదు. అడిగే చనువు నాకున్నదో లేదో తెలియలేదు.

సంత నుంచి వచ్చిన కొన్ని వారాలకు మనవడే తాతకు ఒక ఉపాయం చెప్పాడు. పాత స్ప్రింగ్‌ఫీల్డుకు కావలసిన సైనిక కొయ్య, పైకొయ్య, కొక్కెం, పట్టీలు అన్నీ కొత్తగా చేసినవి అమ్ముతున్నారు. పార్కరైజింగ్ చేసి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. తిరిగి 1903 నాటి రూపం తెప్పించవచ్చు. ఇప్పుడిదొక పెద్ద వేడుక ఇక్కడ. స్పోర్టర్లుగా మార్చినవాటిని కొని మళ్ళీ సిపాయి రైఫిళ్ళుగా మారుస్తున్నారు. ఒకప్పుడు గుట్టలుగా పడివున్నవి కనుక కోశారు. కోసినందువల్లే కోయనివి అరుదైనాయి. అరుదైనందువల్లే వెల పెరిగింది. ఆ వర్తకుడి లెక్కలో తప్పు లేదు. కానీ ఒక్క చిక్కు. దుర్భిణి కోసం తొలిచిన రంధ్రాలు మాత్రం పోవు. పూడ్చి మెరుగుపెట్టినా తెలిసినవాడి వేలికి తగులుతాయి.

పెద్దాయన ఆలోచించి చెబుతానన్నాడు. మొన్న ఒక సాయంత్రం నన్ను నేలమాళిగకు పిలిచాడు. కొలిమి వెనక అలమారలో వాళ్ళ నాన్నగారి పనిముట్లు సర్దుతుంటే పాత కాఫీ డబ్బా ఒకటి దొరికిందట. మూత తీసి బల్ల మీద బోర్లించాడు. బాయొనెట్ కొక్కెమున్న పట్టీ, మరమేకులు, ముందు పట్టీ, నూనెగుడ్డలో చుట్టిన జానెడు అక్రోటు కొయ్య ముక్క. రంపపు పళ్ళ గీతలు ఇంకా దాని కొసన ఉన్నాయి. కోసినవన్నీ ఆయన దాచిపెట్టుకున్నాడు, అరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నాయి.

మనవడు ఆ కొయ్య ముక్కను తీసుకుని స్ప్రింగ్‌ఫీల్డ్ ముందు కొసకు ఆనించి చూశాడు. రంపం తిన్న మందం మేర సందు మిగిలింది. వాడు చాలాసేపు దాన్ని అలాగే పట్టుకున్నాడు. పెద్దాయన ముక్కలన్నీ ఏరి మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టాడు. తుపాకిని గోడకు ఎప్పటి చోటే తగిలించి, కొయ్యకు నూనె పట్టించి చాలా కాలమైందని, అవిసెనూనె సీసా ఎక్కడుందో చూడమని మనవడిని పంపాడు.